పోర్ట్ ఫిలిప్ బేలో చిన్న ట్రెయిలర్ యాట్: అలలు లేచిన రోజు నడపడం ఎలా

మెల్‌బోర్న్‌లో టార్నీట్, పాయింట్ కుక్, వెరిబీ వైపు స్థిరపడిన మన తెలుగువాళ్లకు పోర్ట్ ఫిలిప్ బే ఎంతో దూరం కాదు. సెకండ్‌హ్యాండ్‌లో ఒక పాత ట్రెయిలర్ యాట్ (కారు వెనక ట్రెయిలర్ మీద తీసుకెళ్లే చిన్న తెరచాప పడవ) కొనుక్కుని వారాంతాల్లో నీళ్ల మీద తిరుగుదామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "ఎంత గాలి ఉంటే వెళ్లకూడదు?"

గాలి ఎంత అన్నది సగం సంగతే. ఆ గాలి ఏ దిక్కు నుంచి వస్తోంది, ఎంతసేపటి నుంచి వీస్తోంది, మీరున్న చోట నీటి లోతెంత అన్నవి తెలిస్తే తప్ప దానికి జవాబు లేదు. అలలు లేచిన రోజు చిన్న పడవను కాపాడేది బలం కాదు, తొందరగా తీసుకున్న నిర్ణయం. తెరచాప తగ్గించాలేమో అన్న ఆలోచన వచ్చిన నిమిషంలోనే తగ్గించేయాలి. కింద రాసిన వివరాలన్నిటికీ ఆధారం ఆ ఒక్క అలవాటే.

ఇది సుమారు 5 నుంచి 8 మీటర్ల పడవల కోసం రాస్తున్నాను. హార్ట్‌లీ టీఎస్16, ఆర్‌ఎల్24, నోలెక్స్ 25 లాంటివన్నమాట. నెమ్మది గాలిలో టాక్ చేయడం (ముక్కుని గాలికి ఎదురుగా తిప్పి దిశ మార్చడం), జైబ్ చేయడం (వెనక భాగాన్ని గాలి మీదుగా తిప్పి దిశ మార్చడం) వచ్చినవాళ్లు చదివితే బాగా ఉపయోగపడుతుంది. అసలు తెరచాప పట్టనివాళ్లు ముందు ఏదైనా యాట్ క్లబ్‌లో ప్రాథమిక కోర్సు చేసి రండి. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ మీద డింగీలు (చిన్న తెరచాప పడవలు) నడిపినవాళ్లు గాలిని చదవడంలో ముందుంటారు గానీ, ఇక్కడి అలలు వాళ్లకూ కొత్తే.

ఇక్కడి అలలు ఎందుకింత మొరటుగా ఉంటాయి

పోర్ట్ ఫిలిప్ బే విస్తీర్ణం సుమారు 1,930 చదరపు కిలోమీటర్లు. అంత పెద్ద బేలో అత్యధిక లోతు 24 మీటర్లే. దాదాపు సగం ప్రాంతంలో 8 మీటర్లు కూడా ఉండదు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

బయటి మహాసముద్రంలో అల వేల కిలోమీటర్లు ప్రయాణించి పొడవుగా సాగి వస్తుంది. రెండు మీటర్ల అల వచ్చినా పడవ దాన్ని నెమ్మదిగా ఎక్కి దిగుతుంది. ఈ బేలో గాలికి దొరికేది 40, 50 కిలోమీటర్ల నీరు మాత్రమే. అందుకే అలలు పొట్టిగా, ఒకదాని వెనక ఒకటి మూడు నాలుగు సెకన్లకే వస్తాయి. దానికి తోడు, అల పొడవులో సగం కంటే లోతు తగ్గిన చోట నేల దానికి అడ్డు తగలడం మొదలవుతుంది. అల వేగం తగ్గి, ముఖం నిటారుగా లేస్తుంది. ఒడ్డు దగ్గర మూడు నాలుగు మీటర్ల లోతులో ఇది ఇంకా తీవ్రం. మీటరు ఎత్తున్న అల చూడడానికి పెద్దగా అనిపించదు, కానీ ఆరు మీటర్ల పడవ ఒక అల దిగకముందే ముక్కుతో రెండో అలను గుద్దుతుంది.

గాలి దిక్కును బట్టి ఏ ఒడ్డు ప్రశాంతంగా ఉంటుందో, ఏ ఒడ్డు కుదిపేస్తుందో ముందే చెప్పొచ్చు. ఉత్తరపు గాలి వీస్తే అల్టోనా, విలియమ్స్‌టౌన్ దగ్గర నీరు చదునుగా ఉంటుంది, ఆ అలల దెబ్బంతా దక్షిణాన సొరెంటో, రై మీద పడుతుంది. దక్షిణపు గాలికి సరిగ్గా దీనికి వ్యతిరేకం. పడమటి గాలి అయితే వెరిబీ సౌత్ ఒడ్డు చాటుగా ఉంటుంది, ఎదుటి వైపు బ్లాక్ రాక్, మార్నింగ్టన్ తీరం దెబ్బ తింటుంది.

ముందురోజు రాత్రి, బయల్దేరే పొద్దున

ఆస్ట్రేలియా వాతావరణ శాఖ, బ్యూరో ఆఫ్ మెటియరాలజీ, పోర్ట్ ఫిలిప్‌కి విడిగా గాలి, అలల అంచనా ఇస్తుంది. అందులో కనిపించేవి సగటు అంకెలు. అప్పుడప్పుడూ వచ్చే విసురు ఆ సగటు కంటే 40 శాతం ఎక్కువ ఉండొచ్చని, అతి పెద్ద అల చెప్పిన ఎత్తుకి రెట్టింపు ఉండొచ్చని వాళ్లే హెచ్చరిస్తారు. అంటే 20 నాట్లు (నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు), ఒక మీటరు అని రాస్తే మీరు 28 నాట్లకీ రెండు మీటర్లకీ సిద్ధపడాలి. 26 నాట్లు, ఆ పైన ఉంటుందంటే బలమైన గాలి హెచ్చరిక ఇస్తారు. ఆ రోజు చిన్న ట్రెయిలర్ యాట్‌కి సెలవు. దాని మీద చర్చే అక్కర్లేదు.

ఇంకో లెక్క మనసులో ఉంచుకోండి. తెరచాప మీద పడే ఒత్తిడి గాలి వేగం వర్గంతో పెరుగుతుంది. గాలి 10 నాట్ల నుంచి 15కి పెరిగితే ఒత్తిడి రెట్టింపు దాటుతుంది, 20కి పెరిగితే నాలుగింతలవుతుంది. "ఇంకో ఐదు నాట్లే కదా" అనుకోవడానికి వీల్లేదు. మొదటి సీజన్‌లో అంచనాలో 15 నాట్లు దాటిన రోజు వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. నీళ్ల మీద అలవాటు పడ్డాక ఆ గీతను కొంచెం కొంచెం జరుపుకోవచ్చు.

వేసవిలో రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది మధ్యాహ్నపు దక్షిణపు గాలి. పొద్దున అద్దంలా ఉన్న నీరు మధ్యాహ్నానికల్లా 15, 20 నాట్లతో నురుగులు తేలుతుంది. పొద్దున్నే దిగి ఒంటిగంట లోపు తిరిగి రావడం మొదలుపెట్టినవాళ్లకి మంచి చాన్సు. రెండోది అంతకంటే ప్రమాదం: బాగా వేడెక్కిన రోజు ఉత్తరపు గాలి వీస్తూ వీస్తూ ఒక్కసారిగా నైరుతికి తిరగడం. ఇక్కడివాళ్లు దాన్ని 'చేంజ్' అంటారు. కొన్ని నిమిషాల్లో దిక్కు మారిపోయి, విసురులు 30 నాట్లు దాటొచ్చు, ఒక్కోసారి ఉరుములూ తోడవుతాయి. అది పడమటి నుంచి వస్తుంది కాబట్టి, బయల్దేరే ముందు కేప్ ఆట్‌వే, ఎయిరీస్ ఇన్‌లెట్, అవలాన్‌లో తాజా గాలి రీడింగులు చూడండి. అక్కడ అప్పటికే తిరిగిందంటే మీకు మిగిలిన టైమెంతో అంచనా దొరుకుతుంది. బే ఉత్తర భాగంలో గాలికి ఫాక్నర్ బీకన్, దక్షిణాన సౌత్ ఛానల్ ఐలాండ్ రీడింగులు చూడండి. నగరం మధ్యలో తీసిన రీడింగు నీళ్ల మీద గాలికి కొలత కాదు.

ఎక్కడ దిగుతున్నారో, ఎన్నింటికి వస్తారో ఒడ్డున ఒకరికి మెసేజ్ పెట్టండి. చెప్పిన టైముకి గంట దాటినా మీ నుంచి కబురు లేకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులోనే రాయండి.

ఏ ర్యాంప్ నుంచి దిగాలి

దగ్గరున్న ర్యాంప్ (పడవని నీళ్లలోకి దించే వాలు) అని కాదు, ఆ రోజు గాలికి చాటున్న ర్యాంప్ అని ఎంచుకోండి. పొద్దున దిగడం ఎంత తేలికో చూడడం కాదు, సాయంత్రం గాలి పెరిగాక అదే ర్యాంప్ దగ్గర పడవను ట్రెయిలర్ ఎక్కించడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. తీరం మీదికి వీచే గాలి 15 నాట్లుంటే అలలు తగిలే ర్యాంప్ మీద పడవను ట్రెయిలర్ ఎక్కించడం నిజంగా కష్టం. పడవ పక్కకి కొట్టుకుపోతుంది, ట్రెయిలర్ రోలర్ల మీద ఎత్తి కుదేస్తుంది.

ఒడ్డు నుంచి నీళ్ల వైపు వీచే గాలిలోనూ ఒక మోసం ఉంది. దగ్గర నీరు చదునుగా ఉంటుంది కాబట్టి హాయిగా దూరం వెళ్లిపోతాం. తిరిగి రావాలంటే ఎదురుగాలిలో, పెరిగిన అలల్లో కొట్టుకుంటూ రావాలి. అలాంటి రోజు ఒడ్డుకి రెండు మూడు కిలోమీటర్ల లోపే తిరగండి. వీలైతే మొదట ఎదురుగాలికి వెళ్లి, అలిసిపోయాక గాలివాటున ఇంటికి వచ్చేలా దారి వేసుకోండి.

రెండు చోట్లకి అసలు వెళ్లొద్దు. ఒకటి, పాయింట్ లాన్స్‌డేల్, పాయింట్ నీపియన్‌ల మధ్య ఉన్న ద్వారం. దాన్ని 'రిప్' అంటారు. బే నీరంతా ఆ సన్నని సందులోంచి పోతూ వస్తూ ఉంటుంది. బయటికి పోయే ప్రవాహం సముద్రపు అలలకి ఎదురుపడినప్పుడు నీరు నిలువుగా లేస్తుంది. అనుభవమున్న నావికుల పడవలు కూడా అక్కడ పోయాయి. రెండోది, పెద్ద ఓడల ఛానళ్లు. దాటాల్సి వస్తే అడ్డంగా, తొందరగా దాటేయండి. ఓడ దూరంగా కనిపిస్తోందని ధైర్యపడొద్దు, అది మీకోసం పక్కకి తిరగలేదు, ఆగలేదు.

పడవలో ఏం ఉండాలి

లైఫ్‌జాకెట్ ఎప్పుడు వేసుకోవాలన్న నియమాన్ని వెతుక్కోకండి. ర్యాంప్ నుంచి ర్యాంప్ దాకా అందరూ వేసుకునే ఉండాలి. గాలితో నిండే రకం అయితే కాళ్ల మధ్య పట్టీ తప్పనిసరి. అది లేకపోతే నీళ్లలో జాకెట్ తలమీదికి లేచిపోతుంది. ఏటా సర్వీసింగ్ చేయించండి. పిల్లలకి వాళ్ల బరువుకి సరిపోయేదే కొనండి, పెద్దయ్యాక కూడా పనికొస్తుందని పెద్ద సైజు కొనకండి.

వీహెచ్‌ఎఫ్ రేడియో పెట్టుకోండి, 16వ ఛానల్ మీద ఉంచండి. దాన్ని వాడడానికి ఉండాల్సిన సర్టిఫికెట్ కోర్సు చిన్నదే. ఆపదలో కాల్ ఎలా చేయాలో పడవలో ఉన్న ప్రతి ఒక్కరికీ చూపించండి: పడవ పేరు, ఎక్కడున్నారు, ఏమైంది, ఎంతమంది ఉన్నారు. ఫోన్ వాటర్‌ప్రూఫ్ సంచీలో, దగ్గరలోనే. 406 మెగాహెర్ట్జ్ బీకన్ (ఆపదలో ఉపగ్రహాలకి సంకేతం పంపే పరికరం) కొంటే అది మీ పేరున నమోదు చేయండి. బరువైన లంగరు, దానికి గొలుసు, సరిపడా తాడు. బకెట్ ఒకటి, దానికి గట్టి తాడు. తలకి లైట్, కత్తి, మంచి నీళ్లు, వాంతులయ్యేవాళ్లకి మాత్రలు. మాత్ర బయల్దేరే ముందే వేసుకోవాలి. తల తిరగడం మొదలయ్యాక వేసుకుంటే ఉపయోగం తక్కువ.

మోటారు ఉన్న పడవకి రిజిస్ట్రేషన్ ఉండాలి, మోటారు మీద నడపాలంటే మీ దగ్గర మెరైన్ లైసెన్స్ ఉండాలి. ట్రెయిలర్, పడవ కలిపి చక్రాల మీద మోపే బరువు 750 కిలోలు దాటితే ట్రెయిలర్‌కి బ్రేకులు కావాలి. పాత ట్రెయిలర్ కొన్నప్పుడు ముందు ఈ బ్రేకులు, చక్రాల బేరింగులు చూసుకోండి.

ర్యాంప్ మీద, తెరచాప ఎత్తే ముందు

మాస్ట్ (తెరచాప ఎత్తే స్తంభం) నిలబెట్టే ముందు తలెత్తి చూడండి. పైన కరెంటు తీగలు ఉన్నాయా? పార్కింగ్‌లో ఉన్నాయా, ర్యాంప్‌కి వెళ్లే దారిలో ఉన్నాయా? అల్యూమినియం మాస్ట్ తీగకి తగిలితే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

మాస్ట్ నిలబడ్డాక, ప్రతి పిన్నుకీ క్లిప్ వేసి టేపు చుట్టారో లేదో చేత్తో తడిమి చూడండి. పడవ నీళ్లలో తేలి లోతున్న చోటికి వచ్చాక ఇవి చూడండి: చుక్కాని కిందికి దిగి లాక్ అయిందా? కీల్ (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే బరువైన రెక్క) పూర్తిగా కిందికి దింపి పిన్ వేశారా? స్వింగ్ కీల్ (మడిచి పైకెత్తే రకం) ఉన్న పడవలో పిన్ వేయకపోతే, పడవ బాగా ఒరిగినప్పుడు ఆ బరువంతా మడత పడి పెట్టెలోకి వెళ్లిపోతుంది. తిరిగి నిలబెట్టాల్సిన బరువే అక్కడ ఉండదు. ఇంజిన్ స్టార్ట్ చేసి, ట్రెయిలర్ మీద నుంచి పూర్తిగా వదలకముందే రెండు నిమిషాలు నడిపించండి.

లోపలికి దిగే ద్వారానికి పెట్టే పలకలు మూసి ఉంచండి. అలలు ఉన్న రోజు కింది పలక ఎప్పుడూ తీయకండి. కీల్‌లో బరువున్న ట్రెయిలర్ యాట్ చాలావరకు ఒరిగినా లేస్తుంది, కానీ ఆ తలుపు గుండా నీరు లోపలికి పోతే లేవదు. హార్ట్‌లీ టీఎస్16 లాంటి తేలిక పడవలు బోల్తా కొట్టగలవు. వాటిలో తేలే ఫోమ్ సరిగా ఉందో లేదో ముందే తెలుసుకోండి.

రీఫ్: ముందు వేసేయండి

రీఫ్ అంటే మెయిన్‌సెయిల్ (మాస్ట్ వెనకుండే ప్రధాన తెరచాప) కింది భాగాన్ని మడిచి, తెరచాపను చిన్నది చేయడం. అలలు ఉన్న రోజు బయల్దేరేటప్పుడే, చాటు నీటిలోనే ఒక రీఫ్ వేసుకుని వెళ్లండి. గాలి తక్కువైతే విప్పడం ఒక్క నిమిషం పని. గాలి పెరిగాక, పడవ ఎగిరిపడుతుండగా వేయడం చాలా కష్టమైన పని.

దారిలో వేయాల్సి వస్తే వరస ఇది. జిబ్‌ను (మాస్ట్ ముందుండే తెరచాపను) ఉంచి, ఎదురుగాలికి కాస్త పక్కగా, నెమ్మదిగా నడుస్తూ ఉండండి. టిల్లర్ (చుక్కాని తిప్పే కర్ర) ఒకరికి ఇవ్వండి.

1. బూమ్‌ని (మెయిన్ కింది అంచుని పట్టే అడ్డకర్రని) పైకి పట్టుకునే తాడు బిగించండి. లేకపోతే తెరచాప దించగానే బూమ్ మీ తల మీద పడుతుంది.
2. బూమ్‌ని కిందికి లాగే వ్యాంగ్ వదలండి. దాన్ని వదలడం మర్చిపోవడం వల్లే ఎక్కువమందికి రీఫ్ కుదరదు.
3. మెయిన్‌షీట్ (మెయిన్‌ని లాగి పట్టే తాడు) వదలండి. తెరచాప రెపరెపలాడాలి.
4. హాలియార్డ్‌ని (తెరచాపను పైకి ఎత్తే తాడుని) ముందే వేసిన గుర్తు దాకా దించండి. గుర్తు లేకపోతే ఇంటి దగ్గరే టేపుతో వేసుకోండి.
5. మాస్ట్ వైపు ఉన్న రీఫ్ కన్నాన్ని కొక్కేనికి తగిలించండి. తర్వాత హాలియార్డ్ మళ్లీ గట్టిగా లాగి బిగించండి. తెరచాప ముందు అంచు తీగలా ఉండాలి.
6. వెనక మూలనున్న రీఫ్ తాడుని బూమ్ వైపుకీ వెనక్కీ బలంగా లాగి కట్టండి. ఇది వదులుగా ఉంటే తెరచాప సంచీలా ఉబ్బి, రీఫ్ వేసిన ఫలితమే ఉండదు.
7. బూమ్‌ని పట్టే తాడు వదిలి, వ్యాంగ్, మెయిన్‌షీట్ బిగించండి.

మధ్యలో వేలాడే గుడ్డని చిన్న కట్లతో వదులుగా కట్టేస్తే చాలు. గట్టిగా కడితే గుడ్డ చిరుగుతుంది.

జిబ్ సంగతి కూడా చూడండి. జెనోవా అనే పెద్ద జిబ్ వేసుకుని మెయిన్ ఒక్కదాన్నే చిన్నది చేస్తే పడవ ముక్కు గాలి పోయే వైపు తిరిగిపోతుంది, గాలి వచ్చే వైపు నడవడం కష్టం. రెండూ కలిసి తగ్గాలి. రోల్ చేసే జిబ్ అయితే మూడో వంతు చుట్టేయండి.

రీఫ్ వేసే సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది? టిల్లర్ చెబుతుంది. రెండు వేళ్లతో పట్టుకుంటే నడిచేది, మోచేయి బిగించి లాగాల్సి వస్తోందంటే, పడవ 20 డిగ్రీలు దాటి ఒరుగుతోందంటే మీ దగ్గర తెరచాప ఎక్కువ ఉన్నట్టే. బాగా ఒరిగిన పడవ చూడడానికి వేగంగా అనిపిస్తుంది గానీ నిజానికి పక్కకి జారుతూ ఉంటుంది. రీఫ్ వేశాక పడవ నిటారుగా నిలబడి, జీపీఎస్‌లో వేగం తగ్గకుండా అలాగే ఉండడం, కొన్నిసార్లు పెరగడం చూస్తారు.

ఎదురుగాలికి, అలల మీద

చిన్న పడవ తేలికగా ఉంటుంది. ఒక్కో అల దానికి బ్రేకు వేస్తుంది. వరసగా మూడు అలలు తగిలితే వేగం పడిపోతుంది. వేగం లేకపోతే కీల్, చుక్కాని పట్టు కోల్పోతాయి, పడవ పక్కకి కొట్టుకుపోతుంది. కాబట్టి ఎదురుగాలికి నేర్చుకోవాల్సింది ఒక్కటే: వేగం పోనివ్వకూడదు.

చదునైన నీటిలో వెళ్లినంత గాలికి దగ్గరగా వెళ్లాలని ప్రయత్నించకండి. ఐదు నుంచి పది డిగ్రీలు గాలి పోయే వైపు దించి నడపండి. దూరం కాస్త పెరుగుతుంది, కానీ మొత్తం మీద ముందే చేరతారు. జిబ్ షీట్ ఒక అరచేయి అంత వదలండి. మెయిన్ పై భాగం కాస్త విప్పారేలా షీట్ సడలించండి. అలల మీద ముక్కు పైకీ కిందికీ ఊగుతున్నప్పుడు తెరచాపకి గాలి కోణం క్షణక్షణం మారుతుంది. మరీ బిగించిన తెరచాప అందులో చాలా క్షణాలు పని చేయదు.

గాలి వైపు అంచున కూర్చుని, టిల్లర్ ఎక్స్‌టెన్షన్ (టిల్లర్‌కి తగిలించే పొడుగు కర్ర) పట్టుకుని, కళ్లు ముందున్న రెండు మూడు అలల మీద పెట్టండి. పెద్ద అల ముక్కుని చేరేముందు టిల్లర్‌ని మీ నుంచి దూరంగా కొద్దిగా నెట్టండి. పడవ కాస్త గాలి వైపు తిరిగి అల ఎక్కుతుంది. అల శిఖరం పడవ ముక్కు కిందికి రాగానే టిల్లర్‌ని మీ వైపు లాగండి. ముక్కు పక్కకి తిరిగి అల వీపు మీదుగా జారుతుంది, ధబ్‌మని పడదు. ఆ లాగడం ఒక్క సెకను ఆలస్యమైతే పడవ అడుగు నీటిని కొట్టే శబ్దం మీకే వినిపిస్తుంది. మూడు సెకన్లకో అల వచ్చేచోట ప్రతి అలకీ ఇలా చేయలేం, చేయక్కర్లేదు కూడా. నాలుగైదు చిన్నవాటిని అలాగే దాటి, వరసగా వచ్చే పెద్దవాటికి మాత్రమే టిల్లర్ కదపండి. టిల్లర్ ఎక్కువ కదిపితే చుక్కానే బ్రేకు అవుతుంది.

విసురు వచ్చినప్పుడు ముందు మెయిన్‌షీట్ వదలండి, తర్వాతే తిప్పండి. షీట్ చేతిలోనే ఉండాలి, లేదా ఒక్క గుంజుతో ఊడే క్లీట్‌లో (తాడుని పట్టి ఉంచే పరికరంలో) ఉండాలి. తాడుకి ముడి వేసి కూర్చోవద్దు. నీటి మీద ముదురు మచ్చలు మీ వైపు పరిగెత్తుకొస్తుంటే అదే విసురు. అది తాకకముందే మీరు సిద్ధంగా ఉండొచ్చు.

బరువులు పడవ మధ్యలో, కిందికి పెట్టండి. ముందు క్యాబిన్‌లో పెట్టిన మంచినీళ్ల డబ్బాలు, వెనక చివర కూర్చున్న ముగ్గురు మనుషులు, రెండూ పడవని ఉయ్యాల ఊపినట్టు ఊపుతాయి.

టాక్ చేయడం

అలల్లో టాక్ మధ్యలో ఆగిపోవడం కొత్తవాళ్లకి తరచూ ఎదురయ్యే సమస్య. ముందు కొంచెం గాలి పోయే వైపు దించి వేగం తెచ్చుకోండి. పెద్ద అలల వరస దాటాక వచ్చే చదునైన చోటు కోసం ఆగండి, అది తప్పకుండా వస్తుంది. ఒక అల శిఖరం మీద ఉన్నప్పుడు తిప్పడం మొదలుపెట్టండి. చుక్కానిని ఒక్కసారిగా అడ్డం తిప్పకుండా, నిలకడగా తిప్పండి. జిబ్‌ని తొందరపడి వదలకండి. గాలి దాని వెనక వైపు పట్టి ముక్కుని అవతలికి నెట్టాక వదలండి.

తిరగకుండా ఆగిపోయి వెనక్కి పోతుంటే కంగారు పడొద్దు. టిల్లర్‌ని రెండో వైపు పెట్టండి, జిబ్‌ని గాలికి ఎదురుగా పట్టండి. పడవ వెనక్కి పోతూ దానంతటదే తిరుగుతుంది.

గాలి వెనక నుంచి వచ్చేటప్పుడు

గాలివాటున పోతున్నప్పుడు గాలి తక్కువ అనిపిస్తుంది. ఆరు నాట్ల వేగంతో ముందుకి పోతుంటే 20 నాట్ల గాలి మీకు 14గా తెలుస్తుంది. అందుకే రీఫ్ విప్పేద్దామనిపిస్తుంది, విప్పకండి. ఏ కారణం వల్లనైనా గాలి వైపు తిరగాల్సి వస్తే ఆ 20 అంతా ఒక్కసారి మీద పడుతుంది.

సరిగ్గా వెనక నుంచి కాకుండా, వెనక మూల నుంచి గాలి వచ్చేలా నడపండి. పడవ ఊగడం తగ్గుతుంది, అనుకోకుండా జైబ్ అయ్యే ప్రమాదం తగ్గుతుంది. బూమ్ నుంచి ముందు డెక్‌కి ఒక తాడు కడితే బూమ్ ఉన్నట్టుండి అవతలికి కొట్టదు. అల వెనక భాగాన్ని ఎత్తి పక్కకి తిప్పాలని చూస్తుంది. అది ఎత్తడం మొదలవగానే టిల్లర్‌తో సరిచేయండి, తిరిగాక సరిచేయడం చాలా కష్టం. అందరి తలలూ కిందికి.

గాలి బలంగా ఉంటే జైబ్ చేయకండి. గాలి వైపు తిరిగి టాక్ చేసి, చుట్టూ తిరిగి అవతలి వైపుకి రండి. కొంచెం దూరం పోతుంది, బూమ్, మాస్ట్, తలలు క్షేమంగా ఉంటాయి.

గాలి మరీ పెరిగిపోతే

ముందు పడవను ఆపి ఆలోచించుకునే వీలు కల్పించుకోండి. మామూలుగా టాక్ చేయండి, కానీ జిబ్‌ని వదలకండి. అది గాలికి వెనక వైపు పట్టి ఉంటుంది. మెయిన్ వదలి, టిల్లర్‌ని గాలి పోయే వైపు నెట్టి కట్టేయండి. పడవ దాదాపు నిలిచిపోయి నెమ్మదిగా పక్కకి జారుతుంది. ఒక్కసారిగా అంతా ప్రశాంతమైనట్టుంటుంది. రెండో రీఫ్ వేయడానికి, నీళ్లు తాగడానికి, రేడియోలో మాట్లాడడానికి, మ్యాప్ చూసుకోవడానికి టెన్షన్ లేని ఐదు నిమిషాలు దొరుకుతాయి. గాలి పోయే వైపు మీకు ఎంత నీరు మిగిలి ఉందో మాత్రం చూసుకోండి. దీన్ని నెమ్మది గాలి రోజు పదేపదే సాధన చేయండి.

మోటారు మీద ఆధారపడి ప్లాన్ వేయొద్దు. వెనక తగిలించిన మోటారు ప్రొపెల్లర్ పెద్ద అలల్లో నీటి బయటికి వచ్చి గుర్రుమంటుంది. ట్యాంకు అడుగున ఉన్న మడ్డి కదిలి ఫిల్టర్ మూసుకుపోతుంది. మోటారు తప్పనిసరైతే రీఫ్ వేసిన మెయిన్ ఉంచే నడపండి, ఊపు తగ్గుతుంది. మోటారు ఒక పక్కకి ఉంటే, ఆ పక్క కిందికి ఒరిగేలా నడిస్తే ప్రొపెల్లర్ నీటిలో ఉంటుంది.

తీరం మీదికి కొట్టుకుపోతూ, మోటారు పని చేయకపోతే లంగరు వేయండి. ఈ బే లోతు తక్కువ కావడం అక్కడ మీకు వరం. ఆరు మీటర్ల లోతు, పడవ ముక్కు ఎత్తు ఒక మీటరు అనుకుంటే కనీసం 35 మీటర్ల తాడు వదలండి, గాలి బలంగా ఉంటే 49. లంగరు తాడు చివర పడవకి కట్టి ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. ప్రాణాపాయం అయితే 16వ ఛానల్‌లో మేడే (ప్రాణాపాయపు పిలుపు), లేదా అత్యవసర ఫోన్ నంబరు 000.

మనిషి నీళ్లలో పడితే

చలికాలంలో ఈ నీరు 10, 11 డిగ్రీలకి దిగుతుంది. మొదటి నిమిషంలో శ్వాస అదుపు తప్పుతుంది. అందుకే లైఫ్‌జాకెట్.

ఒకరు చూపు తిప్పకుండా వేలు చూపిస్తూనే ఉండాలి. అలల మధ్య తల కొన్ని క్షణాల్లో కనిపించకుండా పోతుంది. తేలేది ఏదైనా విసరండి. గాలి పక్క నుంచి వచ్చేలా ఐదారు పడవల దూరం వెళ్లండి, టాక్ చేయండి, కొంచెం గాలి పోయే వైపు దించి, చివరలో గాలి వచ్చే వైపు తిరుగుతూ మనిషి దగ్గరికి రండి. షీట్లు వదిలేస్తే తెరచాపలు రెపరెపలాడి పడవ ఆగాలి. మనిషి గాలి పోయే వైపు పక్కన, మాస్ట్ తీగల దగ్గరికి రావాలి. ముందు తాడుతో కట్టేయండి, తర్వాత పైకెత్తడం. మోటారు ఆపే ఉంచండి. నిచ్చెన నీళ్లలో ఉన్న మనిషి చేతికి అందేలా ఉండాలి. కానీ వెనక భాగం అలల మీద లేచి పడుతుంటే తల దాని కిందికి వెళ్లకుండా జాగ్రత్త. తడిసిన బట్టలతో ఉన్న పెద్దమనిషిని చేతులతో లాగడం దాదాపు అసాధ్యం. తాడుతో కట్టిన ఒక ఉచ్చు కాలు పెట్టుకోవడానికి పనికొస్తుంది. వేసవిలో ఒక బోయాని విసిరి ఇదంతా ఇంట్లోవాళ్లతో కలిసి చేసి చూడండి. మీరే నీళ్లలో పడితే నడిపేది వాళ్లే కాబట్టి టిల్లర్ వాళ్ల చేతిలో ఉండాలి.

తిరిగి ర్యాంప్‌కి

తెరచాపలు ర్యాంప్ దగ్గర కాదు, బయటే, నీరు ఎక్కువ ఉన్న చోట దించండి. మోటారు స్టార్ట్ చేసే ముందు పడవ చుట్టూ చూసి, నీళ్లలో తాడు ఒక్కటి కూడా వేలాడట్లేదని నిర్ధారించుకోండి. తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకోవడం సరిగ్గా ఇక్కడే జరుగుతుంది. ఫెండర్లు (పడవ పక్కన కట్టే గాలి మెత్తలు), తాళ్లు రెండు వైపులా ముందే కట్టుకోండి.

పక్క గాలి ఉంటే జెట్టీకి గాలి పోయే వైపు కట్టుకోండి, గాలి మిమ్మల్ని జెట్టీ మీదికి రుద్దకుండా ఉంటుంది. ఒకరు ట్రెయిలర్ తెచ్చేదాకా పడవని జెట్టీకే కట్టి ఉంచండి, నీళ్లలో చక్కర్లు కొట్టొద్దు. ట్రెయిలర్ ఎక్కించేటప్పుడు కీల్, చుక్కాని పూర్తిగా పైకి ఎత్తారో చూడండి. వించ్ తాడుకి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. అలలు ఎక్కువుంటే రెండు పెద్ద అలల మధ్య లాగండి.

ర్యాంప్ బయట నిలబడి మాస్ట్ దించండి, వెనకవాళ్లకి దారి ఇవ్వండి. ఇంటికి వచ్చాక మోటారుని మంచినీటితో కడిగి నడిపించండి. ట్రెయిలర్ బ్రేకులు, బేరింగులు, వించ్ అన్నీ మంచినీటితో కడగండి. వేడిగా ఉన్న బేరింగులు ర్యాంప్ దగ్గర చల్లటి ఉప్పు నీటిలో మునిగితే లోపలికి నీరు పీల్చుకుంటాయి. అందుకే ర్యాంప్‌కి వచ్చాక పడవ దించే ముందు కొంచెంసేపు చక్రాలు చల్లారనివ్వండి. తాళ్లు విప్పి ఆరేయండి, రీఫ్ తాడు మీద గుర్తు చెరిగి ఉంటే ఆ రోజే కొత్త టేపు వేయండి.